రోజూ పది సైట్లు తెరవనక్కర్లేదు, ఫీడ్ పెట్టుకోండి

ప్రశ్న: కొన్ని తెలుగు బ్లాగులు, వంటల సైట్లు, ఒకట్రెండు యూట్యూబ్ ఛానళ్లు ఫాలో అవుతుంటాను. వాళ్ల ఫేస్‌బుక్ పేజీలు లైక్ చేసినా కొత్త పోస్టులు నాకు కనబడట్లేదు. మెట్రోలో కూర్చుని ఒక్కో సైటూ తెరిచి చూడటం విసుగొస్తోంది. వేరే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఉందండీ, 1999 నుంచీ ఉంది. దాని పేరు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. సైట్‌లో కొత్త పోస్టు పడగానే దాని శీర్షిక, లింకు, తేదీ, కొన్నిసార్లు మొత్తం వ్యాసం కూడా ఒక ఫైల్‌లోకి చేరతాయి. మీ ఫోన్‌లో పెట్టుకునే ఫీడ్ రీడర్ అనే యాప్ ఆ ఫైల్‌ను అప్పుడప్పుడూ చూసి కొత్తవి తెచ్చిపెడుతుంది. ఏది చూపించాలో ఏది దాచాలో మధ్యలో ఎవరూ తేల్చరు, మీరు ఎంచుకున్నవే తేదీల వరసలో వస్తాయి, నాకు దీని మీద ఇంత ఇష్టం అందుకే. ఆ సైట్లకు మీ ఈమెయిల్ కూడా ఇవ్వక్కర్లేదు.

ఆండ్రాయిడ్ అయితే ఫీడర్ యాప్, ఐఫోన్ అయితే నెట్‌న్యూస్‌వైర్. రెండూ ఉచితమే. ఫోన్‌లో చదివింది కంప్యూటర్‌లోనూ చదివినట్టే కనబడాలంటే ఫీడ్లీ గానీ ఇనోరీడర్ గానీ తీసుకోండి, ఉచిత ప్లాన్ మీకు సరిపోతుంది.

యాప్‌లో కొత్త ఫీడ్ చేర్చే చోట సైట్ అడ్రస్ పేస్ట్ చేస్తే, ఫీడ్ ఎక్కడుందో చాలావరకు అదే వెతుక్కుంటుంది. దొరకలేదంటే, అది వర్డ్‌ప్రెస్ (చాలా బ్లాగులు నడిచే సాఫ్ట్‌వేర్) సైట్ అయితే అడ్రస్ చివర స్లాష్ పెట్టి ఇంగ్లీషులో ఫీడ్ అని కొట్టండి. ఆ అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే అర్థంకాని కోడ్ కనిపించొచ్చు, టెన్షన్ పడకండి, ఫీడ్ ఉందనడానికి అదే గుర్తు. యూట్యూబ్ ఛానల్ లింకును ఫీడ్లీ, ఇనోరీడర్ నేరుగా తీసుకుంటాయి. ఫేస్‌బుక్ పేజీలు మాత్రం ఫీడ్ ఇవ్వవు.

ఒక్క మాట, దినపత్రికల ఫీడ్‌లు మొదట్లోనే చేర్చకండి, రోజూ వందల వార్తలు కుప్పపడి రెండో వారానికి యాప్ తెరవాలంటేనే భయమేస్తుంది. మూడు నెలలకోసారి రాసే బ్లాగులున్నాయి చూశారా, ఫీడ్ అసలు ఉపయోగం వాటికే. మనం మర్చిపోయినా అది మర్చిపోదు.

జాబితా కాస్త పెరిగాక సెట్టింగ్స్‌లో ఓపీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ నొక్కండి, మీ ఫీడ్ల జాబితా మొత్తం ఒక ఫైల్‌గా వస్తుంది, దాన్ని దాచుకోండి. 2013 జులై 1న గూగుల్ వాళ్ల ఫీడ్ రీడర్, గూగుల్ రీడర్, మూతపడినప్పుడు జనం తమ సైట్ల జాబితాను వేరే రీడర్లలోకి పట్టుకెళ్లింది ఇలాంటి ఫైల్‌తోనే.