కోచ్‌తో ట్రాక్ మీదికి వస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త పోర్షే కేమాన్ కారుతో బెంగళూరు నుంచి వస్తున్నావనీ, మా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో శని, ఆదివారాలు రెండు రోజులకూ కోచ్‌ను మాట్లాడుకున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు కారు కొన్నావన్నప్పటి కంటే కోచ్‌ను పెట్టుకున్నావని విన్నప్పుడే నాకు ఎక్కువ సంతోషం కలిగింది. అయితే కోచ్‌ను పెట్టుకోవడం వేరు, ఇచ్చిన డబ్బుకు సరిపడా అతని దగ్గర నేర్చుకోవడం వేరు. ఆ ట్రాక్ మీద కొన్నేళ్లు కారు నడిపి, తరువాత అంతకంటే ఎక్కువ కాలం మలుపుల దగ్గర జెండా పట్టుకుని మార్షల్‌గా నిలబడినవాణ్ణి కనుక, ఈ విషయంలో నా మాట నీకు పనికివస్తుందనుకుంటున్నాను.

ముందుగా ఒకటి చెప్పేస్తాను. ల్యాప్ టైమ్ చూపించే యాప్‌ను శనివారమంతా తెరవకు. 3.717 కిలోమీటర్ల పొడవు, 12 మలుపులు ఉన్న ఆ ట్రాక్‌ను ఎంత త్వరగా చుట్టివచ్చావన్నది తొలిరోజు నీకు అక్కరలేని లెక్క. టైమ్ వెంట పడినవాడు మొట్టమొదట చేసే పని బ్రేక్ ఆలస్యంగా వేయడం. ఎందుకంటే వేగం పెంచుకోవడానికి అన్నిటికంటే సులువుగా కనిపించే దారి అదే. అలా మలుపులోకి ఎక్కువ వేగంతో వచ్చిపడినవాడు, కారు తిరిగేదాకా చేసేదేమీ లేక ఎదురుచూసి, ఆక్సిలరేటర్ ఆలస్యంగా తొక్కి, ఆ తరువాతి స్ట్రెయిట్, అంటే మలుపులేని నేరు దారి, పొడవునా నష్టపోతాడు. వరసగా అయిదు ల్యాపులు ఒకేచోట బ్రేక్ వేసి, ఒకేచోట కారు తిప్పి, ఒకే గీత మీద బయటికి రాగలుగుతున్నావా అన్నదే నువ్వు చూసుకోవలసినది. అది కుదిరిన రోజున కోచ్ ఒక్క మాట మార్చి చెబితే టైమ్ దానంతట అదే తగ్గుతుంది. అది కుదరనంతకాలం ఏ మార్పు వల్ల ఏమి జరిగిందో నీకూ తెలియదు, అతనికీ తెలియదు.

మార్షల్ పోస్టు దగ్గర నిలబడితే ఎవరు నేర్చుకున్నవారో, ఎవరు కొత్తవారో కారు వెనుక లైట్లే చెబుతాయి. నేర్చుకున్నవాడి బ్రేక్ లైట్లు ఒక్కసారి వెలిగి, కారు మలుపులోకి తిరుగుతుండగా ఆరిపోతాయి. కొత్తవాడివి వెలిగి, ఆరి, మలుపు మధ్యలో వేగం ఎక్కువైందని భయం పుట్టగానే మళ్లీ వెలుగుతాయి. ఆ రెండోసారి వెలిగే లైట్లే ప్రమాదం. నీ కారులో ఇంజిన్ సీట్ల వెనుక ఉంటుంది కాబట్టి బరువు వెనుక వైపే ఎక్కువ. మలుపు మధ్యలో ఆక్సిలరేటర్ మీంచి కాలు హఠాత్తుగా తీసినా, బ్రేక్ తొక్కినా భారం ముందుకు జరిగి, వెనుక టైర్లకు పట్టు తగ్గి, కారు వెనుక భాగం ముందుకు రావాలని చూస్తుంది. కోచ్ నిన్ను పదే పదే ‘ఇంకా ముందుగా బ్రేక్ వెయ్యి’ అంటే నిన్ను పిరికివాడని అంటున్నాడనుకోకు. 180 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 50 మీటర్లు పోతుంది. నువ్వు అర సెకను తటపటాయిస్తే 25 మీటర్లు దాటిపోయినట్టే.

బ్రేక్ గట్టిగా వేయడం ఒక్క పూటలో వస్తుంది. దానిని వదలడం నేర్చుకోవడానికే ఈ రెండు రోజులు. నూతిలోకి చేదను దించేటప్పుడు తాడును చేతుల్లోంచి ఎలా జారనిస్తామో, స్టీరింగ్ తిరుగుతున్న కొద్దీ పెడల్ మీద కాలును అలా వదలాలి. ఒక్కసారిగా వదిలేస్తే ముందు టైర్ల మీది భారం తేలిపోయి, తిప్పినంత మేర కారు తిరగదు. ఈ ఒక్క సంగతి మీద కోచ్‌ను ఎంత సతాయించినా తప్పులేదు. ప్రధాన స్ట్రెయిట్ చివర వచ్చే సీ1 వంటి వేగవంతమైన మలుపులో మాత్రం ప్రయోగాలు పెట్టుకోవద్దు. ఈ పాఠాన్ని నెమ్మదైన మలుపుల దగ్గరే నేర్చుకో.

ఇక కోచ్ సంగతి. మొదటి రెండు మూడు ల్యాపులు నీ కారును అతన్నే నడపమను. నువ్వు ఎడమ సీట్లో కూర్చుని రోడ్డును కాదు, అతని కళ్లనూ చేతులనూ చూడు. మలుపు మొదట్లో ఉండగానే అతని తల మలుపు చివరికి తిరిగి ఉండడం గమనిస్తావు. ఇంటర్‌కామ్‌లో వాడే మాటలు ఏవో బయలుదేరక ముందే తేల్చుకోండి. ‘బ్రేక్’, ‘వదులు’, ‘దూరం చూడు’ లాంటి పొట్టి మాటలు చాలు. వేగంలో ఉండగా పొడవైన వాక్యం చెవిన పడదు. ఒక్కో సెషన్‌కు, అంటే ట్రాక్ ఎక్కిన ఒక్కో విడతకు, ఒక్క విషయమే పెట్టుకో. ట్రాక్ మీద వాదించకు. ట్రాక్ పక్కన కార్లు ఆపే పిట్‌లోకి వచ్చాక ‘అవును గానీ’ అని మొదలుపెట్టకు. దిగగానే ట్రాక్ పటం గీసుకుని, ఏ మలుపులో ఎక్కడ బ్రేక్ వేశాననుకుంటున్నావో రాసుకో. కారు వేగాన్నీ బ్రేకునూ నమోదు చేసే డేటా లాగర్ గ్రాఫ్ ఆ తరువాతే చూడు. నువ్వు అనుకున్నదానికీ యంత్రం చెప్పినదానికీ ఉన్న తేడాలోనే కోచ్‌కు పని దొరుకుతుంది. చక్రాలు పట్టు తప్పి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ను అతను చెప్పనిదే తీసేయకు. మీ బెంగళూరు మిత్రులు తీసేసి నడిపామని చెప్పుకుంటారు, చెప్పుకోనీ.

కారు విషయంలో నీ సర్వీసు సెంటర్‌వారు అంతా బాగానే ఉందంటారు. అది రోడ్డు లెక్క. 180 నుంచి 90కి దిగడమంటే కారుకున్న గమన శక్తిలో ముప్పాతిక వంతును బ్రేకులు వేడిగా మార్చి పారబోయాలి, అదీ ప్రతి ల్యాపులోనూ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టినదానికి ఆ కనీసం 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తబడి నేలకు దిగుతుంది. అందుకని బయలుదేరే వారంలోనే ఆయిల్ మార్పించు, బ్రేక్ ప్యాడ్ల మందం కొలిపించు. చక్రాల బోల్టులను టార్క్ రెంచ్‌తో బిగించి, మొదటి సెషన్ అయి చక్రాలు చల్లబడ్డాక మళ్లీ చూసుకో. కారులోంచి మ్యాట్లూ నీళ్ల సీసాలూ తీసేయి. సీసా దొర్లి బ్రేక్ పెడల్ కిందికి వెళితే నీ నైపుణ్యం, కోచ్ నైపుణ్యం రెండూ దండగ. సెషన్ చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పి బ్రేకులకు గాలి తగలనివ్వు. ఆగాక పెడల్ మీద కాలు నొక్కిపెట్టుకుని కూర్చోకు, చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టు. హెల్మెట్ బైకుది సరిపోతుందనుకోకు. కారు రేసుల హెల్మెట్లకిచ్చే స్నెల్ ఎస్ఏ ప్రమాణ ముద్ర ఉన్న కారు హెల్మెట్‌లోని లైనింగ్ మంటను కొంతవరకు తట్టుకుంటుంది. మన మోటారు పాలసీలలో రేసులకూ వేగ పరీక్షలకూ వాడితే బీమా వర్తించదన్న షరతు ఉంటుంది కాబట్టి, గోడకు తగిలితే అయ్యే ఖర్చు నీదేనని ముందే లెక్కవేసుకో.

ట్రాక్ గడియారం ముల్లు తిరిగే దిక్కునే సాగుతుంది కనుక ఎడమ టైర్లే ఎక్కువ అరుగుతాయి, వాటిని సెషన్ సెషన్‌కూ చేత్తో తడిమి చూడు. టైర్లు వేడెక్కితే గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఎంత తగ్గించాలో కోచ్ చెబుతాడు.

జెండాల గురించి పొద్దున్నే చెబుతారు. పసుపు, ఎరుపు, నీలం అందరికీ గుర్తుంటాయి. పసుపు మీద ఎర్రచారలున్నది ట్రాక్ జారుతోందని, నలుపు మీద నారింజ చుక్క ఉన్నది నీ కారులో ఏదో లోపముందని చెబుతాయి. ఇవి గుర్తుండాలి. నేను జెండా ఊపుతుంటే నా వైపే చూడకుండా పోయినవారిని ఎందరినో చూశాను. ప్రతి ల్యాపులో ప్రతి పోస్టు వైపు ఒక చూపు వెయ్యి. వెనుక నుంచి వేగంగా వచ్చేవాడికి నిర్వాహకులు చెప్పిన పద్ధతిలో సైగ చేసి దారి ఇవ్వు. అతనితో పోటీకి నువ్వు రాలేదు.

మద్రాసు ఉక్కపోత గురించి బెంగళూరువాళ్లకు చెప్పినా నమ్మరు. నూలు బట్టలు, పలచని అడుగున్న బూట్లు వేసుకో. దాహం వేసేదాకా ఆగకుండా ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండు. మీ అత్తయ్య ఫ్లాస్కు నిండా పోసి ఇస్తుంది. మధ్యాహ్నం బిరియానీ జోలికి పోకు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆదివారం సాయంత్రం ఆఖరి సెషన్ వదలబుద్ధి కాదు. నేను చూసినంతలో కార్లు గిర్రున తిరిగి మట్టిలోకి పోయేది అప్పుడే. మనిషి అలసి ఉంటాడు, ధైర్యం మాత్రం పెరిగి ఉంటుంది. ఒళ్లు బరువనిపిస్తే కోచ్‌కు చెప్పి దిగిపో. శుక్రవారం రాత్రికే పోరూరులోని మా ఇంటికి చేరుకో. దాదాపు 300 కిలోమీటర్లు నడిపి వచ్చి నేరుగా ట్రాక్ ఎక్కడం నాకు ఇష్టం లేదు. అలాగే ఆదివారం రాత్రికి రాత్రి తిరుగు ప్రయాణం కూడా వద్దు. రెండు రోజులు ట్రాక్ వేగానికి అలవాటుపడిన కంటికి హైవే మీద 120 కూడా నత్తనడకలా తోస్తుంది. సోమవారం ఉదయం బయలుదేరు. ట్రాక్‌లో వేడి టైర్లలోంచి తీసేసిన గాలిని, టైర్లు చల్లగా ఉండగానే మా వీధి చివరి బంకులో కారు పుస్తకంలో రాసినంతకూ ఎక్కించుకుని మరీ వెళ్లు.

ఆశీస్సులతో,
మీ మామయ్య
పోరూరు, చెన్నై