హెడ్‌ఫోన్స్‌లో బాగున్న ప్యానింగ్ గుడి మైక్ సెట్‌లో ఎందుకు చెడింది? ఎలా సరిచేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జానపద బాణీలో ఒక భక్తి పాట. అందులో గాయని గొంతు, నలుగురి కోరస్, ఢోలక్, డప్పు, తాళాలు, గజ్జెలు, వేణువు, గిటార్, రెండు కీబోర్డ్ ప్యాడ్లు (వెనక మెత్తగా సాగే స్వరాలు), బేస్ ఉన్నాయి. ప్యానింగ్‌లో, అంటే ఏ ధ్వని ఎంత ఎడమకు, ఎంత కుడికి వినిపించాలో సర్దేటప్పుడు, వేణువును పూర్తిగా కుడికి పెట్టారు. కోరస్‌కు ఒకే టేక్ (ఒకసారి పాడిన రికార్డింగ్) ఉండటంతో దాన్ని కాపీ చేసి ఒకటి పూర్తిగా ఎడమకు, 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిన రెండోది పూర్తిగా కుడికి తోశారు. హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉన్న పాట గుడి మైక్ సెట్‌లో వేసేసరికి వేణువు అడుగున పడింది, కోరస్ డబ్బాలోంచి వస్తున్నట్టుంది, గొంతూ ఢోలక్కూ మాత్రం మీదికొచ్చాయి.

మైక్ సెట్ హారన్లకు వెళ్లేది మోనో. కుడి, ఎడమ రెండూ కలిసి ఒక్కటవుతాయి. అలా కలిసినప్పుడు మధ్యలో ఉన్న గొంతు రెండు చానళ్లలోనూ ఒకేలా ఉంది కాబట్టి బలంగా కూడుతుంది. ఒక్క చానల్‌లోనే ఉన్న వేణువుకు ఆ కూడిక దొరకదు. స్టీరియోలో రెండూ సమానంగా వినిపించేలా సర్దినా, మోనోలో పూర్తిగా పక్కకు పెట్టినది మధ్యలో ఉన్నదానికంటే సుమారు 3 డీబీ (డెసిబెల్, ధ్వని తీవ్రతకు కొలత) కిందికి దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్యాన్ లా (పక్కలతో పోలిస్తే మధ్యలో ఉన్న ధ్వనిని ఎంత తగ్గించాలన్న నియమం) ఏది పెట్టుకున్నా ఈ తేడా తప్పదు.

అయితే ఈ నష్టం నాబ్ తిప్పినంత మేరా సమానంగా పెరగదు. ఈ విషయం తెలిస్తే ప్యానింగ్ అంటే భయం పోతుంది. మైనస్ 3 డీబీ ప్యాన్ లాలో నాబ్ 50 దగ్గర (0 అంటే మధ్య, 100 అంటే పూర్తిగా పక్క) ఉంటే మోనోలో పోయేది 0.7 డీబీ మాత్రమే. 75 దగ్గర 1.6, 100 దగ్గర 3. అంటే సగం వరకూ దాదాపు ఉచితం, నష్టమంతా ఆ తర్వాతే. ఒకటే చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని వినేవాళ్ల లెక్క వేరు. కుడి 50లో ఉన్న వేణువు ఎడమ చానల్‌లో, మధ్యలో ఉన్నప్పటికంటే 5 డీబీ పైచిలుకు తక్కువగా వినిపిస్తుంది, కానీ వినిపిస్తుంది. 75లో ఆ తేడా 11 డీబీ. 100లో అసలు ఉండదు. అందుకే పాట వరసను మోసే వాయిద్యం ఏదైనా సరే, నేను 45 దాటించను. తాళాలు, గజ్జెలు, గిటార్ స్ట్రమ్మింగ్ లాంటివి పక్కకు ఎంత వెళ్లినా పాట నిలబడుతుంది.

కోరస్ సంగతి వేరే. ఒకే టేక్‌ను 10 మిల్లీసెకన్లు జరిపి మోనోలో కలిపితే 50, 150, 250, 350 హెర్ట్జ్... ఇలా ప్రతి 100 హెర్ట్జ్‌కూ ఒకచోట ధ్వని రద్దయిపోతుంది. ఆ డబ్బా చప్పుడు అదే. ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సాధనంతో) బాగుపడదు, రద్దయినదాన్ని ఎంత పెంచినా తిరిగి రాదు. ఆలస్యాన్ని తగ్గిస్తే బాగుంటుందనుకుంటారు గానీ, 1 మిల్లీసెకను చేస్తే రద్దయ్యే చోట్లు 500, 1500, 2500 హెర్ట్జ్‌కు జరుగుతాయి. అక్కడే మాటలు స్పష్టంగా వినిపించేది, కాబట్టి ఇంకా నష్టం. ఆలస్యం తీసేసి రెండు కాపీలూ చెరో పక్క పెడితే వెడల్పేమీ రాదు, అది మధ్యలో కాస్త గట్టిగా వినిపించే మోనోనే. ఒక కాపీకి పోలారిటీ తిప్పితే, అంటే ధ్వని తరంగాన్ని తలకిందులు చేస్తే, మోనోలో కోరస్ మొత్తం మాయం.

దీనికి మందు ఒక్కటే, మళ్లీ పాడించడం. నలుగురూ అదే మైకు ముందు నిలబడి ఇంకోసారి పాడితే చాలు. రెండు టేకుల్లోనూ ఊపిరి, పలుకు, శ్రుతి కొద్దికొద్దిగా తేడాగా ఉంటాయి కాబట్టి ఎడమ 60, కుడి 60 పెట్టినప్పుడు నిజమైన వెడల్పు వస్తుంది, మోనోలో కలిపినా గుంటలు పడవు. నలుగురినీ విడివిడిగా తీసుకుంటే 30లో ఒక జత, 70లో ఒక జత. పెద్ద గొంతున్నవాళ్లను లోపలి జతలో ఉంచండి. పాడించడం కుదరకపోతే ఉన్న ఒక్క టేక్‌ను మధ్యలోనే ఉంచి, దాని రివర్బ్‌ను (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వనిని) మాత్రం స్టీరియోగా వెడల్పు చేయండి. మోనోలో రివర్బ్ కాస్త తగ్గినా గొంతులు చెక్కుచెదరవు.

ఇక మిగతా వాయిద్యాల అమరిక. మొదలుపెట్టే ముందే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్యాన్ లా చూసుకుని మైనస్ 3 డీబీకి పెట్టుకోండి. రీపర్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదట ఉండేది 0 డీబీ. మిక్స్ సగంలో ఉండగా దీన్ని మారిస్తే అప్పటిదాకా సర్దిన లెవెల్స్ అన్నీ కదిలిపోతాయి. తర్వాత అన్నిటినీ మధ్యకు తెచ్చి, మోనో బటన్ నొక్కి, లెవెల్స్, ఈక్యూ అలాగే పూర్తి చేయండి. వేణువూ గొంతూ ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయంటే ఆ తగువును ఇక్కడే, ఈక్యూతో తీర్చాలి. ప్యాన్ చేసి తప్పించుకుంటే మైక్ సెట్‌లో అది మళ్లీ బయటపడుతుంది. మోనోలో వింటూ నాబ్ తిప్పితే సరైన చోటు దొరుకుతుందని కొందరు చెబుతారు. మోనోలో నాబ్ తిప్పితే మారేది లెవెల్ మాత్రమే, కాబట్టి నేను ఆ పద్ధతి వాడను.

గొంతు, బేస్ మధ్యలో. లోతైన ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సరిగా పట్టలేదు. పైగా ఆ బరువును రెండు స్పీకర్లూ పంచుకుంటే మంచిది. ఢోలక్‌కు రెండు మైకులు పెట్టి ఉంటే గుమ్మనే ఎడమ మూత మధ్యలోనే ఉండాలి, పలికే కుడి మూత 15 నుంచి 20 వరకు కుడికి వెళ్లొచ్చు. ఇంకా లాగితే ఇద్దరు మనుషులు చెరో మూలా కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది. ప్యాన్ చేసేముందు రెండూ మధ్యలో పెట్టి ఒక మైకు పోలారిటీ తిప్పి వినండి, ఏ స్థితిలో గుమ్మనే ధ్వని నిండుగా ఉంటే అదే ఉంచేయండి. తబలాకు కూడా ఇదే పద్ధతి.

డప్పును ఎడమ 35 దగ్గర పెట్టండి, వేణువు కుడి 40లో ఉండనివ్వండి. తాళాలు కుడి 60, గజ్జెలు ఎడమ 60. ఈ రెండూ సన్నని మోత కలవే కాబట్టి ఎదురెదురుగా ఉంటేనే తూకం. రెండూ ఒకే వైపు ఉంటే మీటర్ సమానంగా చూపించినా చెవికి పాట ఆ వైపు ఒరిగినట్టే ఉంటుంది. గిటార్‌ను రెండుసార్లు వాయించి ఉంటే 80, 80. ఒక్క టేకే ఉంటే ఎడమ 50, వేణువుకు ఎదురుగా.

పల్లవి, చరణం అయ్యాక వేణువు ఒక్కటే వచ్చే ఇంటర్‌లూడ్‌లో దాన్ని పక్కన కూర్చోబెట్టడం అన్యాయం. అక్కడ గొంతు లేదు, మధ్యలో చోటు ఖాళీగా ఉంది. ఆటోమేషన్‌తో (పాట నడుస్తుండగా నాబ్ దానంతటదే కదిలే ఏర్పాటుతో) కుడి 10కి తెచ్చేయండి. కాకపోతే ఆ కదలిక వేణువు పలకని చోట, ఊపిరి తీసుకునే సందులో జరగాలి.

ఎక్కువమంది మిక్సులు చెడేది కీబోర్డ్ ప్యాడ్ల దగ్గరే. ప్రతి ప్యాడూ, ప్రతి పియానో టోనూ ముందే రెండు పక్కలా నిండుగా పరుచుకుని వస్తుంది. అలాంటివి మూడు పేర్చితే అన్నీ అన్నిచోట్లా ఉంటాయి, అప్పుడు వెడల్పనేదే తెలియదు. ఒక ప్యాడ్‌ను స్టీరియోగా వదిలి 200 హెర్ట్జ్ కింద కోసేయండి. రెండోదాన్ని మోనో చేసి ఎడమ 25లో పెట్టండి. స్టీరియో ట్రాక్ మీద మామూలు నాబ్ చాలా సాఫ్ట్‌వేర్‌లలో బ్యాలెన్స్‌గా పనిచేస్తుంది. ఎడమకు తిప్పితే కుడి చానల్‌లో ఉన్నది ఎడమకు రాదు, ఊరికే తగ్గిపోతుంది. డ్యూయల్ ప్యాన్ లేదా స్టీరియో ప్యాన్ మోడ్ ఎంచుకుంటే రెండు చానళ్లనూ విడిగా కదపొచ్చు.

హెడ్‌ఫోన్స్‌లో కుడి ధ్వని ఎడమ చెవికి అసలు చేరదు, స్పీకర్లలో చేరుతుంది. అందువల్ల హెడ్‌ఫోన్స్‌లో 60 అనిపించేది స్పీకర్లలో అంత దూరం అనిపించదు. వీలైతే రెండు స్పీకర్లూ, మీ తలా సమబాహు త్రిభుజంలో ఉండేలా కూర్చుని, తక్కువ సౌండ్‌లో సరిచూడండి. తర్వాత మోనోలో ఒకసారి, ఎడమ చానల్ మాత్రమే, కుడి చానల్ మాత్రమే ఒక్కోసారి వినండి. మూడింటిలోనూ పల్లవి అర్థం కావాలి. కోరిలేషన్ మీటర్ (రెండు చానళ్లూ ఎంత కలుస్తాయో చూపేది) ఎక్కువసేపు సున్నా కిందికి దిగుతుంటే స్టీరియో వైడెనర్ (ధ్వనిని కృత్రిమంగా వెడల్పు చేసే ఎఫెక్ట్) ఎక్కడ వాడారో వెతికి తీసేయండి.

గుడికి ఇచ్చే ఫైల్‌ను విడిగా చేయడమే మేలు. మాస్టర్‌ను మోనోలో ఉంచి, వేణువు, కోరస్ ఒకటిన్నర నుంచి రెండు డీబీ పెంచి, రెండు చానళ్లలోనూ ఒకటే ధ్వని ఉండేలా ఎక్స్‌పోర్ట్ చేయండి. అప్పుడు వాళ్ల ఆంప్లిఫయర్ ఒక్క ఎడమ చానల్‌నే తీసుకున్నా ఏదీ పోదు. ఒక్క చిక్కుంది. ఫోన్ నుంచి వచ్చే స్టీరియో పిన్నును కొందరు మిక్సర్‌లో బ్యాలెన్స్‌డ్ మైక్ ఇన్‌పుట్‌కు నేరుగా కలుపుతారు. ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసేస్తుంది. స్టీరియో పాటలోనైతే గాయని గొంతు మాయమై కోరస్, రివర్బ్ మిగులుతాయి, మోనో ఫైలైతే దాదాపు నిశ్శబ్దమే. 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను ఒక చివర, రెండు 6.35 మిల్లీమీటర్ల మోనో పిన్నులు ఇంకో చివర ఉన్న కేబుల్ మీరే తీసుకెళ్లండి. రెండు మోనో పిన్నులనూ రెండు లైన్ ఇన్‌పుట్లకు పెట్టండి. ఇన్‌పుట్ ఒక్కటే ఖాళీగా ఉంటే ఒక పిన్ను పెట్టి రెండోది ఏ లోహానికీ తగలకుండా వదిలేయండి.