తలుపులు మార్చే ముందు పెట్టెలను చూడు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివాను. వంటగది పాతబడి చూడబుద్ధి కావడం లేదనీ, మొత్తం విప్పించి కొత్తది కట్టించుకునే ఓపిక గానీ స్తోమత గానీ ఇప్పట్లో లేవనీ, కబ్బర్డుల తలుపులు మాత్రం మార్పిస్తే సరిపోతుందా అనీ అడిగావు. సరిపోతుందో లేదో తలుపులు చెప్పవు, వాటి వెనక ఉన్న పెట్టెలు చెబుతాయి. ఇప్పటికి మూడు వంటగదులకు తలుపులు మార్చాను, అందులో మొదటిదాన్ని సగం పాడుచేసుకున్నాను కూడా. ఆ రెండు అనుభవాలనూ కలిపి నీకు రాస్తున్నాను.

ముందుగా సింకు కింది పెట్టెను ఖాళీ చేయి. వంటగదిలో అన్నిటికంటే ముందు చెడేది అదే. టార్చి వేసి పైపు గోడలోకి వెళ్ళే చోటును, అడుగు పలక అంచులను, పక్క పలకలు నేలకు దగ్గరగా వచ్చే భాగాన్ని నిదానంగా చూడు. పెట్టె పార్టికల్ బోర్డుతో (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకతో) చేసినదైతే తడి తగిలిన చోట అంచు ఉబ్బి, గోకితే పొట్టు రాలుతుంది. అలా ఉబ్బిన బోర్డు పూర్తిగా ఆరిన తర్వాత కూడా పాత మందానికి రాదు, స్క్రూను పట్టి ఉంచదు. ప్లైవుడ్డు అయితే పొరలు విడిపోయి, వేలి కణుపుతో తడితే బోలుగా చప్పుడు వస్తుంది. అనుమానం ఉన్న చోట సన్నని మేకు మొన ఆనించి నొక్కి చూడు. గట్టి చెక్క దాన్ని ఆపుతుంది, కుళ్ళిన చెక్క దారి ఇస్తుంది. చెదల మట్టిదారులు కనిపిస్తే మాత్రం వాటి సంగతి పూర్తిగా తేలేదాకా తలుపుల మాట ఎత్తవద్దు. సింకు కిందిది ఒక్కటే చెడితే దాన్ని ఒక్కదాన్నీ కొత్తగా చేయించి మిగతావాటికి తలుపులు మార్చుకోవచ్చు. నాలుగైదు పెట్టెలు అలాగే ఉన్నాయంటే కొత్త తలుపులకు పెట్టే డబ్బు వృథా అవుతుంది, ఎందుకంటే ఆ బరువు మోయవలసింది ఆ పెట్టెలే.

పెట్టె గట్టిగా ఉండడంతో పాటు మూలలు సరిగా ఉండాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి కొలిచి, తర్వాత రెండో జత మూలలను కూడా కొలువు. రెండు కొలతలూ ఒకటే అయితే పెట్టె మూలమట్టానికి ఉన్నట్లే. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను మడతబందుల దగ్గర సర్దుకోవచ్చు, అంతకు మించితే కొత్త తలుపు ఎంత చక్కగా చేయించినా వంకరగానే కనిపిస్తుంది. పాత తలుపు వంకరను కళ్ళు అలవాటుపడి పట్టించుకోవు గానీ, కొత్త తలుపు గీత గీసినట్లు ఉంటుంది కాబట్టి దాని పక్కన వెనక పలక వంకర ఇట్టే బయటపడుతుంది. అలాగే, నీ అసలు ఇబ్బంది పొయ్యికీ సింకుకూ మధ్య చోటు చాలకపోవడమో, సొరుగులు తక్కువ కావడమో అయితే, తలుపులు మార్చినందువల్ల అది తీరదు. ఆ లెక్క ముందే వేసుకో.

ఇప్పుడు మడతబందుల సంగతి. తలుపు తెరిచి లోపలి వైపు చూస్తే చిన్న గిన్నెలాంటి భాగం తలుపులోకి దిగి ఉంటుంది. ఈ రకం బందుకు తలుపులో వేసే గుంట వ్యాసం సాధారణంగా 35 మిల్లీమీటర్లు, లోతు ఇంచుమించు 12. గిన్నె నుంచి పెట్టె వైపు వచ్చే చేయి వంపును బట్టి మూడు రకాలు ఉన్నాయి. చేయి తిన్నగా ఉంటే తలుపు పక్క పలక అంచును దాదాపు పూర్తిగా కప్పుతుంది. కొద్దిగా వంగి ఉంటే రెండు పెట్టెలకు ఉమ్మడిగా ఉన్న పలక మీద చెరిసగం పంచుకుంటుంది. బాగా వంగి ఉంటే తలుపు పెట్టె లోపలికి దిగి అంచులతో సమంగా నిలుస్తుంది. నీ ఇంట్లో ఏ తలుపుకు ఏ రకం ఉందో కాగితం మీద రాసుకోనిదే కొత్త బందులు కొనవద్దు, ఎందుకంటే ఒకే వరుసలో కూడా ఈ మూడూ కలిసి ఉండవచ్చు. తలుపులు మార్చేటప్పుడే బందులు కూడా మార్చడం మంచిదని నా అభిప్రాయం. పాతవి తుప్పు పట్టి, స్ప్రింగు పట్టు సడలి ఉంటాయి, పైగా నెమ్మదిగా మూసుకునే రకం ఇప్పుడు అంతటా దొరుకుతోంది. పెట్టె పలకకు బిగించే ప్లేటునూ బందునూ ఒకే తయారీదారుడివి తీసుకో. ఒకరి బందు ఇంకొకరి ప్లేటులో కూర్చుంటుందన్న నమ్మకం లేదు. తలుపు ఎత్తు సుమారు 900 మిల్లీమీటర్ల వరకు రెండు బందులు చాలు, 1600 వరకు మూడు, 2000 వరకు నాలుగు కావాలి. తలుపు బరువైనదైనా, 600 కంటే వెడల్పైనదైనా ఒకటి ఎక్కువే వేయించు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కొలతల దగ్గర కావాలి. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే రాయి, ఒకే టేపు వాడు, ప్రతి కొలతనూ వేర్వేరు పూటల్లో రెండుసార్లు తీసుకో. పాత తలుపును కొలిచి అదే కొలత ఇచ్చేస్తే చాలదా అని అందరికీ అనిపిస్తుంది. అది చుట్టూ సమానమైన సందుతో చక్కగా కూర్చున్నదైతే చాలును. కానీ పాత రోజుల్లో ఎవరో వడ్రంగి మూసుకోవడం లేదని ఒక అంచును చిత్రిక పట్టి ఉంటే, ఆ తప్పు కొత్త తలుపుకూ వస్తుంది. అందుకని పెట్టె బయటి వెడల్పు నుంచి లెక్క వేసి, పాత తలుపు కొలతతో సరిచూసుకో. తలుపు అంచులను పూర్తిగా కప్పే రకంలో ఒక్కో వైపు ఒకటిన్నర మిల్లీమీటరు వదలాలి, అప్పుడు పక్క పక్క తలుపుల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వస్తుంది. పెట్టె 600 అయితే తలుపు 597. పెట్టె 900 ఉండి రెండు తలుపులు కావాలంటే ఒక్కొక్కటి 447: రెండూ కలిసి 894, మధ్య సందు 3, రెండు చివర్లలో కలిపి ఇంకో 3.

నేను మొదటిసారి పాడుచేసుకున్నది ఇక్కడే. కాగితం మీద తలుపులకు ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాస్తూ వచ్చి, సొరుగుల దగ్గరికి వచ్చేసరికి ఏ ధ్యాసలో ఉన్నానో గానీ 597 ముందు, 147 తర్వాత రాశాను. చెక్క చారలున్న లామినేటు (పలక మీద అంటించే పలుచని గట్టి షీటు) అది. వచ్చిన తలుపులన్నిటి మీదా చారలు నిలువుగా ఉన్నాయి, నాలుగు సొరుగుల ముఖాల మీద మాత్రం అడ్డంగా ఉన్నాయి. కొలతల్లో తప్పు లేదు, కోసినవారి తప్పు అసలే లేదు. ఆ నాలుగు సొరుగులనూ ఏడాది పాటు చూసి చూసి చివరికి మళ్ళీ చేయించాను. అందుచేత నువ్వు ప్రతి ముక్కకూ ఒక అంకె వేసి, చిన్న బొమ్మ గీసి, అందులో చార ఎటు పోవాలో బాణం గుర్తు పెట్టి, బందులు ఎడమ వైపో కుడి వైపో రాసి ఇవ్వు. ఆ అంకెనే కాగితపు టేపు మీద రాసి పెట్టె లోపల అంటించు.

మందం కూడా కొలతే. పాతవి 18 మిల్లీమీటర్ల తలుపులైతే కొత్తవి కూడా 18 ఉండేలా చూసుకుంటే తలనొప్పి ఉండదు. మందం పెరిగిన తలుపు తెరిచేటప్పుడు దాని అంచు పక్క తలుపుకు రాసుకునే ప్రమాదం ఉంది. మూలలో ఎదురెదురుగా తెరుచుకునే తలుపు, సొరుగు ఉంటే పిడి ఎంత ముందుకు వస్తుందో కూడా లెక్కలోకి తీసుకో. కొత్త పిడి పాతదానికంటే ఒక వేలు ముందుకు వచ్చినా సొరుగు సగంలో ఆగిపోతుంది.

దేనితో చేయించాలన్నది నీ ఇష్టానికి వదిలేసేదాన్నే గానీ, అడిగావు కాబట్టి చెబుతాను. నా మొగ్గు రెండు వైపులా లామినేటు అంటించిన మంచి ప్లైవుడ్డు వైపే. రెండు వైపులా అన్న మాట గుర్తుంచుకో: ముందు వైపు లామినేటు వేసి వెనక వైపు ఊరికే రంగు పూసి వదిలితే, రెండు ముఖాలూ గాలిలోని తేమను వేర్వేరుగా పీల్చి, పొడవాటి తలుపు విల్లులా వంగుతుంది. గాడులు చెక్కిన డిజైన్లు కావాలంటే ఎండీఎఫ్ (సన్నని చెక్క పీచును అదిమి చేసిన పలక) మీద రంగు వేయించుకోవచ్చు, నునుపు బాగా వస్తుంది. అయితే అంచులకూ, బందు గుంటలకూ, అడుగు భాగానికీ కూడా రంగు పట్టించాలి, లేకపోతే తడి అక్కడి నుంచే ఎక్కుతుంది. వేడి చేసి పీవీసీ పొర అంటించిన తలుపులు చూపుకు అతుకు లేకుండా చక్కగా ఉంటాయి గానీ, ఓవెను పక్కనా, ఎప్పుడూ ఆవిరి తగిలే చోటా ఆ పొర మూలల దగ్గర లేస్తుంది. పొయ్యి దగ్గరి రెండు మూడు తలుపులకు వాటిని నేను ఒప్పుకోను. అద్దంలా మెరిసే తలుపు షోరూములో ఎంత ముచ్చటగా ఉంటుందో, ఇంట్లో వేలిముద్రలు తుడిచే చేతికి అంత పని పెడుతుంది. ఏ రకం తీసుకున్నా నాలుగు అంచులకూ ఎడ్జ్ బ్యాండు (అంచును కప్పే సన్నని పట్టీ) యంత్రంతో అంటించినదై ఉండాలి, గోటితో లాగితే లేవకూడదు.

రంగు చిన్న ముక్క చూసి ఎంచుకోవద్దు. అరచేతి కంటే పెద్ద నమూనా తెచ్చి, గట్టు రాయి పక్కన నిలబెట్టి పొద్దున ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడు. గట్టూ టైల్సూ మారడం లేదు కాబట్టి రంగు వాటితో పొసగాలి. అన్ని ముక్కలూ ఒకే విడతలో చేయించు, విడత మారితే రంగు ఛాయ మారవచ్చు.

చాలామంది మరిచిపోయేది తలుపు కాని భాగాలను. వరుస చివర బయటికి కనిపించే పక్క పలకలు, కింద కాళ్ళను కప్పే పట్టీ, గోడకూ పెట్టెకూ మధ్య పూరించిన సన్నని పట్టీలు, చిమ్నీ పక్కన మిగిలిన ముక్క, ఇవన్నీ పాత రంగులోనే మిగిలితే కొత్త తలుపులు అతికించినట్లు కనిపిస్తాయి. వాటికీ అదే లామినేటు షీటు తీసుకో. ముదురు రంగు తలుపులు ఎంచుకుంటే ఇంకో సంగతి ఉంది. తలుపుల మధ్య 3 మిల్లీమీటర్ల సందులోంచి పెట్టె తెల్లటి అంచు గీతలా కనిపిస్తుంది, కాబట్టి పెట్టెల ముందు అంచులకు కూడా తలుపు రంగు బ్యాండు వేయించాలి.

బిగించే పని నువ్వే చేసుకుంటానంటే అడ్డు చెప్పను, కానీ 35 మిల్లీమీటర్ల గుంటలు కొట్టించి పంపమని తయారుచేసేవారినే అడుగు. చేతి డ్రిల్లుతో లోతు ఒక్క వెంట్రుక ఎక్కువైనా ముందు వైపు లామినేటు మీద బుడిపె తేలుతుంది. పాత తలుపులన్నీ ఒక్కసారే విప్పకుండా, ఒకటి విప్పి ఒకటి బిగిస్తూ పో. పెట్టె పలకలో పాత స్క్రూ పట్టు తప్పి ఊరికే తిరుగుతుంటే, పొడవైన స్క్రూ వేసి సరిపెట్టవద్దు; రంధ్రానికి సరిపడే చెక్క మేకును జిగురుతో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, సన్నని రంధ్రం వేసుకుని అప్పుడు స్క్రూ బిగించు. సొరుగు ముఖాన్ని ముందు రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టి, సందులు చూసుకుని, మెల్లగా సొరుగు లాగి లోపలి నుంచి స్క్రూలు వేయాలి. సొరుగు పలక 12, ముఖం 18 మిల్లీమీటర్లు అయితే రెండూ కలిసి 30. అక్కడ 25 స్క్రూ వాడు, 35ది వేస్తే మొన ముందుకు పొడుచుకు వస్తుంది. పిడులకు అట్టతో ఒక అచ్చు కోసుకుని అన్ని తలుపులకూ దాన్నే వాడు, డ్రిల్లు వేసేటప్పుడు రెండో వైపు ఒక చెక్కముక్కను గట్టిగా ఆనించి పట్టుకుంటే లామినేటు పెచ్చు లేవదు.

తలుపులన్నీ వేలాడిన తర్వాత సర్దుబాటు మొదలవుతుంది, దానికి ఒక పూట పూర్తిగా పెట్టుకో. బందు మీది స్క్రూలలో ఒకటి తలుపును పక్కకు, ఒకటి ముందుకూ వెనక్కూ, ఇంకొకటి పైకీ కిందికీ జరుపుతుంది. కింది వరుసలో ఒక చివర నుంచి మొదలుపెట్టి, రసమట్టం ఆనించి పై అంచులన్నీ ఒకే గీతలోకి తెచ్చుకుని, ఆ తర్వాతే పక్క సందులు సరిచేయి. రక్షణగా అంటించిన పలుచని ప్లాస్టిక్ పొర ఈ పని అంతా పూర్తయ్యేదాకా తీయవద్దు. నెల రోజులు వాడాక బరువుకు కొన్ని తలుపులు కాస్త కిందికి దిగుతాయి, అప్పుడు ఆ స్క్రూలనే మళ్ళీ ఒకసారి తిప్పాల్సి వస్తుంది.

కొలతల కాగితం, బొమ్మలు, బాణం గుర్తులతో సహా సిద్ధమయ్యాక, ఆర్డరు ఇచ్చే ముందు నాకు ఒక ప్రతి పంపించు. సొరుగుల వరుస నేను చూస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య