కార్బన్ డయాక్సైడ్ మీద పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. కార్బన్ డయాక్సైడ్‌ను ముడిసరుకుగా వాడి ఆర్గానిక్ సమ్మేళనాలు తయారుచేసే అంశంలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. అది పేపర్లకే పరిమితం, ఉద్యోగాలు రావని సీనియర్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేపర్లకే పరిమితం అన్నది నిజం కాదు. ప్రపంచమంతా వాడే యూరియా, అమోనియాతో ఈ వాయువును కలిపి చేసేదే. సోడియం ఫినాక్సైడ్‌ను ఇదే వాయువుతో, ఎక్కువ ఒత్తిడిలో, 125 డిగ్రీల వేడిలో చర్య జరిపిస్తే ఆస్పిరిన్‌కు కావలసిన శాలిసిలిక్ యాసిడ్ వస్తుంది. మీరు చదివిన కోల్బె-ష్మిట్ చర్య అదే. ఎపాక్సైడ్‌లతో (ఆక్సిజన్ ఉన్న మూడు పరమాణువుల వలయాలతో) కలిపితే వచ్చే సైక్లిక్ కార్బొనేట్లు లిథియం బ్యాటరీల ఎలక్ట్రోలైట్లలో ద్రావణులు.

అయితే ఒకటి గమనించండి. ఈ మూడింటిలోనూ కార్బన్ డయాక్సైడ్‌కు జోడీగా వచ్చింది చురుకైన పదార్థమే. మంట ఆరాక మిగిలే వాయువు ఇది, దానంతట అది కదలదు. పొడిచేసిన డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మీద గ్రిన్యార్డ్ ద్రావణం, అంటే కార్బన్‌కు మెగ్నీషియం అతికిన సమ్మేళనం పోసి చూడండి, బుసబుసా పొంగి ముద్దకడుతుంది. యాసిడ్ కలిపితే కార్బాక్సిలిక్ ఆమ్లం చేతికొస్తుంది. కానీ అక్కడ పని చేయించింది మెగ్నీషియం, అదీ మొత్తం ఖర్చయిపోయింది. ఆ ఖర్చు లేకుండా ఉత్ప్రేరకంతోనో, వెలుతురుతోనో, కరెంటుతోనో చేయించడమే ఇప్పటి అసలు సవాలు. నాకు ఎంతో ఇష్టమైన సమస్య ఇది.

అందుకే టాపిక్ పేరు చూసి ల్యాబ్‌ను ఎంచుకోకండి. హై ప్రెషర్ రియాక్టర్ నడపడం, గాలి తగలకూడని లోహ సమ్మేళనాలతో పనిచేయడం, చర్య వేగాలు కొలవడం నేర్పుతారా అని చూడండి. ఆ చేతిపని వచ్చినవాళ్లకు మందుల కంపెనీల ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో, పాలిమర్లలో, బ్యాటరీ మెటీరియల్స్‌లో చోటు ఉంటుంది. చాలామంది తలవని దారి ఇంకొకటి: పెట్ (PET) స్కాన్‌కు వాడే, రేడియోధార్మిక కార్బన్-11 ఉన్న మందులు. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం నుంచి ఆ కార్బన్ తరచూ డయాక్సైడ్ రూపంలోనే వస్తుంది. దాని అర్ధాయువు (సగం తరిగిపోయే సమయం) 20 నిమిషాలే కాబట్టి మందు చేసే చర్య చకచకా ముగియాలి.

గైడ్‌తో మాట్లాడేటప్పుడు ఒక్కటి తప్పక అడగండి: "ఉత్పత్తిలోని కార్బన్ ఆ వాయువు నుంచే వచ్చిందని కార్బన్-13 లేబుల్‌తో సరిచూస్తారా?" ఆ లేబుల్ అంటే గుర్తు పట్టడానికి వాడే, కాస్త బరువైన కార్బన్. ద్రావణి నుంచో, వేసిన కార్బొనేట్ నుంచో కార్బన్ వచ్చి చేరే అవకాశం ఉంది. ఆ పరీక్ష మామూలుగా చేసే ల్యాబ్ అయితే ధైర్యంగా చేరండి.