వెనుక దసరా: రద్దీ తగ్గాక పండుగ చేసుకునే ఇళ్ల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఐదింటి విషయం ఒకటే. పండుగ నాడు చేసుకోలేనిది పండుగ తర్వాత, తక్కువ ఖర్చులో, మర్యాదకు లోటు లేకుండా ఎలా చేసుకోవాలని ఈ పాఠకులు అడిగారు. అందుకే వాటన్నింటినీ ఒకచోట చేర్చి సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర పల్లె. నేను, మా ఆయన ఊళ్లో సేద్యం చేసుకుంటాం. నాకు ఇద్దరు మరుదులు. ఒకరు పుణెలో భవన నిర్మాణ పనికి, ఒకరు హైదరాబాద్‌లో ఆటో నడపడానికి వెళ్లారు. నిరుడు దసరాకు అందరం కలిశాం కానీ, రాకపోకలకు, బట్టలకు, మాంసానికి తెచ్చిన అప్పు సంక్రాంతి దాటినా తీరలేదు. ఈ ఏడు పండుగ అయిపోయిన తర్వాత కలుద్దామంటే, "పండుగ దాటినంక వచ్చి ఏం చేయాలె?" అని మా అత్త కన్నీళ్లు పెట్టుకుంది. తర్వాత చేసుకుంటే తప్పవుతుందా? చేసుకుంటే ఎప్పుడు, ఎలా చేసుకోవాలి?

సమాధానం: అమ్మా, మీ అత్తగారి బాధలో న్యాయం ఉంది కనుక ముందు దాని గురించే మాట్లాడుకుందాం. పండుగలో తిథితో ముడిపడినవి కొన్ని, మనుషులతో ముడిపడినవి కొన్ని ఉంటాయి. దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మను మరో నెలలో పేర్చలేము. విజయదశమి సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లడం, పాలపిట్టను చూడడం కూడా ఆనాడు జరగవలసినవే. వాటిని ఊళ్లో ఉన్నవారు ఊళ్లో, పుణెలో ఉన్నవారు పుణెలో తమకు వీలైనంతలో చేసుకోవాలి. కలిసి కూర్చుని తినడం, పెద్దల కాళ్లకు మొక్కడం, బట్టలు పెట్టడం, పిల్లలంతా ఒక వాకిట్లో ఆడుకోవడం మాత్రం ఏ తిథికీ కట్టుబడినవి కావు. "పూజ ఆనాడే చేస్తాం, పిల్లలు నెల తర్వాత వస్తారు" అని మీ ఆయనే స్వయంగా తల్లికి చెప్పడం మంచిది. కోడలి నోట ఈ మాట వింటే, కొడుకులను ఆపింది కోడలేనన్న అనుమానం ఆమె మనసులో మిగిలిపోవచ్చు.

మా నాయన కొలువు కారణంగా మేము దసరాకు ఊరు చేరలేని ఏళ్లు చాలా ఉండేవి. మా నాయనమ్మ పండుగ నాటి జమ్మి ఆకును కాగితంలో మడిచి దేవుడి గూట్లో దాచేది. మేము కార్తీకంలో వెళ్లినప్పుడు ఆ ఎండిన ఆకునే "బంగారం" అంటూ మా చేతుల్లో పెట్టి, వాడకట్టులోని పెద్దలందరికీ మాచేత ఇప్పించి, అలయ్ బలయ్ చేయించేది. దానిని ఆమె "వెనుక దసరా" అనేది. ఆ మాటను నేను మరే ఇంట్లోనూ వినలేదు కానీ, పని మాత్రం ఏ ఇంట్లోనైనా చేసుకోదగినదే. మీ అత్తగారిచేత ఈ ఏడు జమ్మి ఆకు దాచిపెట్టించండి. తన చేతితో కొడుకులకు ఇవ్వవలసింది ఒకటి ఇంట్లో ఉందన్న తలపు ఆమెకు ఎదురుచూపును తేలిక చేస్తుంది.

ఇక ఎప్పుడు అన్న సంగతి. దసరాకు, దీపావళికి నడుమ ఇరవై రోజులుంటాయి. దీపావళి అమావాస్య దాటితే కార్తీకం మొదలవుతుంది. మీ పరిస్థితికి ఆ నెలే అనువైనదని నా అభిప్రాయం. దసరా నాటికి పత్తి మొదటి ఏరుడు అప్పుడప్పుడే మొదలవుతుంది. పంట చేతికి రాకముందే ఖర్చు వస్తుంది కనుకనే అప్పు పుడుతుంది. కార్తీకం వచ్చేసరికి కొంత పత్తి అమ్ముడుపోయి ఉంటుంది. పైగా ఆ నెలలో మన ఇళ్లలో చాలామంది మాంసం ముట్టరు. నిరుటి ఖర్చులో మాంసం వాటా ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. ఎవరినీ నొప్పించకుండా, ఎవరి ముందూ చిన్నబోకుండా ఆ ఖర్చు దానంతట అదే తప్పిపోతుంది. ఉసిరిచెట్టు కింద వనభోజనాలు మన పెద్దలు ఆ నెలకే పెట్టిన ఆచారం కాబట్టి, పండుగను వాయిదా వేశామన్న మాట కూడా రాదు. మీ కలయికకు ఒక పేరు, ఒక చోటు ముందే సిద్ధంగా ఉన్నాయి.

మీ ప్రాంతం వారికి కార్తీకంలో మరో భాగ్యం కురుమూర్తి జాతర. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి గుట్టకు ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవం నాడు ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారు. చిన్నపిల్లలతో, పెద్ద వయసు అత్తగారితో ఆ రోజు వెళ్లవద్దు. నాలుగైదు రోజులు ఆగితే దర్శనం తీరిగ్గా అవుతుంది. అంగళ్లు ఇంకా కొన్ని ఉంటాయి కాబట్టి పిల్లలకు గాజులు, బొమ్మలు కూడా దొరుకుతాయి.

ప్రయాణం విషయంలో కొన్ని లెక్కలు చెబుతాను. పండుగ రోజులలో నడిపే ప్రత్యేక బస్సులలో మామూలు ఛార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా తీసుకునే ఏర్పాటు ఉంది. రద్దీ తగ్గితే మామూలు ఛార్జీయే. హైదరాబాద్ మరిది కుటుంబంలో ఆడవారికి 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం ఉంది, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. పుణె నుంచి వచ్చేవారికి రైలే చవక. ఇప్పుడు రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కనుక, వినాయక చవితి నాటికే తేదీ ఖాయం చేసుకోగలిగితే టికెట్లు మొదటి రోజుల్లోనే తీసుకోవచ్చు. బడి ఉన్న పిల్లల కోసం రెండో శనివారాన్ని, దాని మరునాటి ఆదివారాన్ని ఎంచుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలని ఉంది. తక్కువ ఖర్చు పండుగ అని పేరు పెట్టి, బయట కొనే ప్రతిదాన్నీ ఇంటి ఆడవారిచేత చేయిస్తే అది పొదుపు కాదు, ఆ భారం మీ నడుం మీదికి మారిందంతే. ఊళ్లో ఉండే పెద్ద కోడలు కాబట్టి అది ముందు మీ మీదే పడుతుంది. అందుకే వంటను ఇంటికి ఒకటిగా పంచండి. హైదరాబాద్ నుంచి వచ్చేవారు పులిహోర కలిపి తెస్తారు. పుణె వారు ప్రయాణంలో చెడకుండా నిలవ ఉండే తీపి తెస్తారు. మీరు జొన్న రొట్టెలు, పప్పు, పచ్చిపులుసు చేస్తే సరిపోతుంది. నీళ్లు మోయడం, పొయ్యి రాజేయడం, గిన్నెలు తోమడం అన్నదమ్ముల పని అని ముందే చెప్పండి. బాలానగర్ సీతాఫలం పుట్టింది మన పాలమూరులోనే. కార్తీకం మొదటి రోజులలో కలుసుకుంటే చెట్లపైన చివరి కాయలు ఇంకా ఉంటాయి. వేరే పండ్లు కొనే పనే ఉండదు.

ప్రశ్న: నల్లగొండలో మాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. పండుగ వారమంతా గిరాకీ కాబట్టి మా పిల్లలను ఎప్పుడూ ఎక్కడికీ తీసుకుపోలేకపోయాను. గిరాకీ తగ్గిన తర్వాత ఒక రోజు, వెయ్యి రూపాయలు దాటకుండా ఎక్కడికి తీసుకెళ్లాలి?

సమాధానం: ముందుగా పట్టణం పక్కనే ఉన్న పానగల్లుకు వెళ్లండి. ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుడులు ఉన్నాయి. అందులో ఒకదానిలో శివలింగం వెనుక ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. దానిని పిల్లలకు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూపించండి. నీడ ఎందుకు కదలడం లేదో మీరు చెప్పవద్దు. మండపంలో స్తంభాల మధ్య తిరిగి, వెలుతురు ఏయే వైపుల నుంచి వస్తోందో వారినే చూడనివ్వండి. నడుమ దొరికే సమయంలో పచ్చల సోమేశ్వరాలయం, దాని ఆవరణలోని మ్యూజియం, ఉదయ సముద్రం చెరువు కట్ట చూడవచ్చు. ఇంటి నుంచి సద్ది కట్టుకుని వెళితే మీరు అనుకున్న డబ్బులో సగం కూడా ఖర్చు కాదు.

రెండో ఏడు నాగార్జునసాగర్ పెట్టుకోండి. గేట్లు ఎత్తే రోజులలో రోడ్డు మీద అడుగు వేయలేము. ఆ రద్దీ తగ్గాక వెళితే నీళ్లు దూకడం కనిపించకపోవచ్చునని పిల్లలకు ముందే నిజం చెప్పండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను రాళ్లతో కట్టారని, దాని నీరు మన పొలాలకు ఎడమ కాలువ ద్వారా వస్తుందని చెబుతూ చూపిస్తే, గేట్లు మూసి ఉన్నా చూడడానికి చాలా ఉంది. జలాశయం నడుమ ద్వీపంలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవు. లాంచి టికెట్టు కూడా కుటుంబానికి బరువే అవుతుంది. అందుకే మొదటిసారి దానిని వదిలేసి, 2022లో సాగర్‌లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనంతో సరిపెట్టుకోవడం మేలు.

దుకాణం మూసే రోజును ప్రతి ఏడూ ఒకటిగానే ఉంచండి. "దీపావళి తర్వాత రెండో ఆదివారం మా నాయన దుకాణం తెరవడు" అన్న మాట పిల్లల నోట రావాలంటే, గిరాకీ ఎంత వచ్చినా ఆ ఒక్క రోజు మీరు మాట తప్పకూడదు.

ప్రశ్న: దీపావళి దాటాక బట్టల దుకాణాల్లో ధరలు తగ్గిస్తారు. అప్పుడే వచ్చే ఏటి పండుగకు కొని దాచుకోవడం మా ఇంటి పద్ధతి. పదేళ్ల మా పాప ఈమధ్య "మనవి పాత పండుగ బట్టలు" అని చిన్నబుచ్చుకుంటోంది. (గద్వాల నుంచి ఒక తల్లి)

సమాధానం: పెద్దవారికి ఈ పద్ధతి బాగుంటుంది. ధోవతులు, తువాళ్లు, చీరలు, దుప్పట్లు ఏడాది దాచినా చెడవు. ఎదిగే పిల్లలకు మాత్రం ఏడాది ముందు కొనడం పొదుపు కాదు. కొలత తప్పితే మొత్తం డబ్బు పోయినట్టే. పాపకు కావలసినవి ఆషాఢంలో కొనండి. పెళ్లిళ్లు లేని ఆ నెలలో ధరలు తగ్గుతాయి, దసరాకు మూడు నెలలే ఉంటుంది, కొలత పెద్దగా మారదు. అన్నింటికన్నా ముఖ్యం, రంగును పాపనే ఎంచుకోనివ్వండి. తాను ఎంచుకున్న గౌనును పాతదని ఏ పిల్లా అనదు. తగ్గింపు సరుకును వెలుతురులో మడతలన్నీ విప్పి చూడండి. ఒకసారి ఒక దుకాణంలో తొందరపడి తీసుకున్న చీరకు మడత దగ్గర పోగులు తెగి ఉన్నాయని నేను ఇంటికి వచ్చాకే చూశాను, వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. మీ ఊరి మగ్గం దగ్గర చీర కొనేటప్పుడు మాత్రం బేరం ఆడవద్దని నా వేడుకోలు. నేతగాడి కూలి మీద మనం మిగుల్చుకోకూడదు.

ప్రశ్న: దీపావళి మరునాడు టపాసులు సగం ధరకే ఇస్తున్నారు. కొని వచ్చే ఏటికి దాచవచ్చా?

సమాధానం: వద్దు. మందుగుండును ఇంట్లో ఏడాది ఉంచడం అపాయం. చెమ్మ తగిలిన వత్తి ఎప్పుడు అంటుకుంటుందో, ఎంత ఆలస్యంగా పేలుతుందో తెలియదు; ఆరిపోయిందనుకుని వంగి చూసిన పిల్లల ముఖం మీద పేలే ప్రమాదం ఉంది. ప్రమిదలు కొని దాచండి. మట్టి ప్రమిదలను కడిగి, ఎండబెట్టి పెట్టుకుంటే కార్తీక పౌర్ణమికీ, మళ్లీ వచ్చే దీపావళికీ పనికివస్తాయి.

ప్రశ్న: దేవరకొండలో ఒంటరిగా ఉంటాను. సంక్రాంతికి పిల్లలు ఎవరూ రాలేరు, పదిహేను రోజుల తర్వాత వస్తామన్నారు. సకినాలు చేసి దాచి ఉంచితే వారు వచ్చేసరికి మెత్తబడతాయేమో, చేయకుంటే పండుగ పూట ఇల్లు బోసిపోతుందేమో అని ఆలోచనలో పడ్డాను.

సమాధానం: అమ్మా, రెండు విడతలుగా చేయండి. పండుగకు శేరు బియ్యంతో చేసి, దేవుడికి పెట్టి, ఇరుగుపొరుగుకు పంచి, మీరు తినండి. ఒంటరిగా ఉన్నంత మాత్రాన ఆ రోజు పొయ్యి మీద నూనె పెట్టకుండా ఉండవద్దు. మిగిలిన బియ్యాన్ని పిండి పట్టించవద్దు. సకినాలకు తడి బియ్యపు పిండే కావాలి, అది నిలవ ఉండదు. బియ్యం బియ్యంగానే ఉంచి, నువ్వులు, వాము బాగుచేసి డబ్బాలో పోసి పెట్టుకోండి. పిల్లలు బయలుదేరామని ఫోన్ చేసిన రాత్రి బియ్యం నానబోస్తే, వారు ఇల్లు చేరేసరికి నీళ్లు వంచి, ఆరబోసి, పిండి పట్టించి సిద్ధంగా ఉంచవచ్చు. అరుగు మీద తెల్లటి గుడ్డ పరిచి, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చుట్లు తిప్పడం చూపించండి. మొదటి పది సకినాలు వంకరగా వస్తాయి. వాటిని చెరిపి మళ్లీ వేయించవద్దు, అలాగే నూనెలో వేయండి.