బాప్తిస్మం తర్వాత పాత వ్యసనం తిరగబెడితే

ప్రశ్న: బాప్తిస్మం తీసుకుని ఏడాదైంది. ఆరు నెలలు ఆన్‌లైన్ బెట్టింగ్ జోలికి పోలేదు. మళ్లీ మొదలైంది. అప్పుల సంగతి నా భార్యకు తెలియదు. బాప్తిస్మంలో పాపానికి చనిపోతామంటారు, నేను అలా చావలేదనేగా అర్థం? మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు సోదరా. ఎఫెసీ 4:5 బాప్తిస్మం ఒక్కటే అంటోంది. మళ్లీ నీళ్లలోకి దిగే ఆలోచన మాని, ముందు ఇంట్లో నోరు విప్పండి.

పౌలు రాసిన రోమా పత్రిక 6వ అధ్యాయం నిదానంగా చదవండి. పాపం చచ్చిపోయిందని పౌలు అనలేదు, పాపం విషయంలో మీరు చనిపోయారన్నాడు. మీ యజమాని మారాడు, పాత యజమాని మాత్రం పిలుస్తూనే ఉంటాడు. అందుకే 11వ వచనంలో పాపం విషయంలో చనిపోయినవారిగా మిమ్మల్ని మీరే ‘ఎంచుకొనుడి’, అంటే లెక్కించుకోండి అన్నాడు. ఆ గ్రీకు మాటను పద్దులు లెక్కగట్టడానికీ వాడేవారు. కోరిక లేచిన ప్రతిసారీ ‘నీకు నేను బాకీ లేను’ అని లెక్క చూసుకోవాలి. కోరిక పుట్టడమే ఓటమి అనుకున్నవాళ్లు ‘ఎలాగూ పడిపోయాను కదా’ అని ఆటలోకి దిగిపోతారు. చాలామంది జారేది ఇక్కడే.

13వ వచనం మీ అవయవాలను పాపానికి అప్పగించవద్దంటుంది. మీకది ఫోన్ పట్టుకున్న చెయ్యి. యాప్ తీసేస్తే చాలదు, బెట్టింగ్ ఖాతాలే శాశ్వతంగా మూయించండి.

ఎవరికి ఎంత, అసలెంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు, అంతా కాగితం మీద రాసి మీ భార్యకు ఒక్కసారే చెప్పండి. సగం దాచి, అది నెల తర్వాత బయటపడితే అప్పుకంటే ఆ అబద్ధమే ఆమెను ఎక్కువ గాయపరుస్తుంది. ‘దేవుడు క్షమించాడు, నువ్వూ క్షమించు’ అని మాత్రం ఒత్తిడి చేయకండి. ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉంది. ఆమె నమ్మకం మాత్రం నెలనెలా లెక్క చూపిస్తేనే తిరిగొస్తుంది. ఆమె సరేనంటే జీతం ఖాతా ఆమె చేతికివ్వండి. పోగొట్టుకున్నది ఆడి రాబట్టాలనో, కొత్త అప్పుతో పాతది తీర్చాలనో అనిపిస్తే, అది మీలోని పాత మనిషి, అంటే మారకముందు పాపానికి లొంగిన మీ పాత స్వభావం గొంతే.

సంఘంలో గుట్టు దాచగల ఒక పెద్దను వారానికోసారి సూటిగా అడగమనండి: ఆడావా, ఎంత, ఎవరితో అబద్ధమాడావు? ‘ఎలా ఉన్నారు బ్రదర్’ అంటే ‘దేవుని కృప’ అని తప్పించుకోవడం తేలిక. పడితే 24 గంటల్లోపు ఆయనకు చెప్పేయండి.

దొంగతనం మానమని చెప్పి ఎఫెసీ 4:28 అక్కడితో ఆగదు, కష్టపడి అక్కరగలవారికి పెట్టమంటుంది. ఆట ఆడే గంటను ఖాళీగా వదలకండి, ముఖ్యంగా జీతం రోజు, నిద్రపట్టని రాత్రి.

వ్యసన చికిత్స నిపుణుణ్ని కలవడం విశ్వాసలోపం కాదు. చచ్చిపోవాలన్న తలంపు వస్తే ఒంటరిగా ఉండకండి, ఆ క్షణమే ఎవరికైనా చెప్పి వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఆ కాగితం మాత్రం ఈ రాత్రే రాయండి.