వెన్నుపూస ఇన్ఫెక్షన్: మీ కేసు రెండో చీటీలో ఉంది

ప్రశ్న: మాది పుత్తూరు. షుగరు ఉన్న మా నాన్నగారికి నడుము నొప్పి, జ్వరం వస్తే తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. ఎక్స్‌రే బాగుందని నొప్పి మాత్రలు ఇచ్చారు. నెల తర్వాత వెళ్తే రక్తపరీక్ష చేయించి, మళ్ళీ అవే రాశారు. మధ్యలో నాటువైద్యుడి దగ్గర కట్టు కూడా కట్టించాం. మరో రెండు నెలలకు కాళ్ళు చచ్చుబడ్డాయి. వేరేచోట ఎం.ఆర్.ఐ. తీసి వెన్నుపూసలో ఇన్ఫెక్షన్ అని ఆపరేషన్ చేశారు. ఇది జరిగి ఇరవై నెలలు. పాత కాగితాలు ఇంట్లో ఎక్కడో ఉన్నాయి. పోలీసు కేసు పెడితే డాక్టరు రాజీకొస్తాడని బంధువులు అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం కావాలని జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. బెదిరించడానికే పెట్టారని తేలితే మీ అసలు ఫిర్యాదు కూడా చెడుతుంది.

మొదటిసారి జబ్బు దొరకకపోవడం నిర్లక్ష్యం కాదు. ఈ ఇన్ఫెక్షన్ తొలి వారాల్లో ఎక్స్‌రేకు అందదు, చాలామందిలో జ్వరం కూడా ఉండదు. తేల్చాల్సింది రెండోసారి సంగతి. ఆ రక్తపరీక్షలో ఒంట్లో ఇన్ఫెక్షన్‌ను, వాపును సూచించే ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. బాగా పెరిగి, షుగరు, జ్వరం చీటీలో రాసి ఉండి కూడా ఎం.ఆర్.ఐ. రాయలేదంటే ఆసుపత్రి జవాబు చెప్పుకోవాలి. ఎం.ఆర్.ఐ. తీయించమని అందులో రాసి ఉండి మీరే తీయించకపోతే మీకు కేసు లేదు.

అంతటి కాగితం ‘ఎక్కడో’ ఉందంటారా! ఓపీ చీటీ రోగి చేతికే ఇస్తారు, ఆసుపత్రిలో నకలు ఉంటుందన్న భరోసా లేదు. ఇవాళే వెతకండి. దొరకకపోతే ల్యాబులో రిపోర్టు నకలు అడగండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టండి. వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. బయాప్సీ (వెన్నుపూస నుంచి తీసిన ముక్క పరీక్ష) రిపోర్టు తప్పక తీసుకోండి: క్షయా, మరో క్రిమా అన్నదాన్నిబట్టి జబ్బు ముదిరే వేగం మారుతుంది. ఇవన్నీ ఒక వెన్నెముక నిపుణుడికి చూపి, రెండోసారే ఎం.ఆర్.ఐ. తీసి ఉంటే కాళ్ళు దక్కేవా అన్నదానిపై రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. కట్టు సంగతి దాచకండి, తప్పు దానిమీదకు నెట్టడానికి ఎదుటి వకీలు ఎలాగూ తవ్వుతాడు.

తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్ళు. ఆసుపత్రికి లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన అది ఆగదు. ఆపరేషన్ తేదీ నుంచి లెక్కపెట్టుకుంటున్నారేమో, ఆసుపత్రి మాత్రం రెండో చీటీ తేదీ నుంచే లెక్కిస్తుంది. అలా చూస్తే మీకు మిగిలింది సుమారు రెండు నెలలే.